మూర్ఛ, మోహం, మాత్ర

మన తెలుగులో "మూర్ఛ" అనే చిన్న మాట ఎంత బరువు మోస్తున్నదో ఆలోచించినవారు తక్కువ. ప్రబంధ నాయిక విరహతాపంతో సొమ్మసిల్లితే అది మూర్ఛ. రణరంగంలో శక్తి తగిలి రథం మీద ఒరిగిపోయిన వీరునిదీ మూర్ఛే. ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయిన బడిపిల్లవానికీ అదే మాట. పళ్లు గిట్టకరచి, నోట నురుగు కక్కుతూ, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ నేలమీద పడి ఉన్న రోగికి కూడా మళ్లీ ఆ మాటే. మొదటి మూడింటికీ, ఈ నాలుగవదానికీ ఏమీ సంబంధం లేదు. కాని మాట ఒకటయినందువల్ల ఉపచారమూ ఒకటే అయి కూర్చున్నది. ప్రబంధాలలో చెలికత్తెలు పన్నీరు చిలికి, గందం పూసి, అరటాకులతో విసిరినట్లే, ఈనాటికీ మనవారు మూర్ఛరోగి ముఖాన నీళ్లు చల్లి, నోరు తెరిపించి నాలుగు గుక్కలు పోయబోతారు. సొమ్మసిల్లినవాని ముఖాన నీళ్లు చల్లితే వచ్చే నష్టం లేదు. ఒళ్లు తెలియక కొట్టుకుంటున్నవాని నోట పోసిన నీళ్లు మాత్రం కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మన ఆలంకారికులు ఈ విషయంలో మనకంటె జాగ్రత్తపరులు. భరతముని చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారి భావాలలో మోహం ఒకటి, అపస్మారం మరొకటి. రెంటినీ ఆయన కలపలేదు. అపస్మారాన్ని అభినయించే నటుడు వణకాలి, నిట్టూర్చాలి, పరుగెత్తి పడిపోవాలి, చెమర్చాలి, నోట నురుగు చూపాలి అని లక్షణాలు చెప్పాడు. కారణాల దగ్గరికి వచ్చేసరికి దేవ యక్ష నాగ భూతాదులను పిలిచాడనుకోండి, అది వేరు మాట. లక్షణాలను మాత్రం కంటితో చూసినవాడే అంత తీరుగా చెప్పగలడు. స్మృతి తొలగిపోవడం అపస్మారం. చరక సంహిత నిదాన స్థానంలో ఎనిమిదవ అధ్యాయం, చికిత్సా స్థానంలో పదవ అధ్యాయం దీనికే కేటాయించబడ్డాయి. వాత పిత్త కఫ సన్నిపాత భేదాలతో నాలుగు విధాలని అక్కడ విభజన. నటరాజమూర్తి కుడిపాదం కింద అణగి ఉన్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. రోగం పేరు రాక్షసునికి వచ్చిందో, రాక్షసుని పేరు రోగానికి వచ్చిందో తేల్చే పని నాది కాదు. పాదం కింద ఉన్నాడే గాని చచ్చిపోలేదన్న సంగతిని మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆధునిక వైద్యుడు ఈ రోగాన్ని గురించి చెప్పేదీ చాలావరకు అదే. అణచి ఉంచగలం, పాదం ఎత్తితే లేస్తాడు.

గ్రీసు దేశంలోనూ ఈ కథే నడిచింది. అక్కడ దీనిని పవిత్ర రోగమన్నారు. హిపోక్రటీసు పేరుతో ప్రసిద్ధమైన గ్రంథాలలో ఒకదాని కర్త, క్రీస్తుకు సుమారు నాలుగు వందల ఏళ్ల ముందే, ఇది మిగిలిన రోగాలకంటె పవిత్రమూ కాదు, దైవికమూ కాదు, దీని పుట్టుక మెదడులో ఉన్నదని ఖండితంగా రాశాడు. ఆ మాట లోకానికి ఎక్కడానికి రెండువేల మూడువందల ఏళ్లు పట్టింది. 1873లో ఇంగ్లండులో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు, మెదడులోని ధూసర పదార్థం ఒక్కసారిగా హద్దుమీరి శక్తిని విడుదల చేయడమే మూర్ఛ అని నిర్వచించాడు. తరువాతి పరిశోధనలన్నీ ఆ వాక్యానికి వ్యాఖ్యానాలే.

వ్యాఖ్యానాలు పుస్తకాల్లో ఉన్నాయి. సికింద్రాబాదు రైల్వేస్టేషనులో మాత్రం తాళపుచెవులు ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ప్లాట్‌ఫారం మీద నా కళ్లముందే ఒక నడివయసు మనిషి పెట్టెతో సహా కూలిపోయాడు. క్షణంలో గుంపు చేరింది. "చెవులు, చెవులు! ఇనుము పట్టించండి!" అని నాలుగు గొంతులు ఒక్కసారి లేచాయి. ఎవరిదో గుత్తి వచ్చింది. బిగుసుకున్న పిడికిలిని ఇద్దరు బలవంతాన విప్పి అందులో కుక్కారు. ఒకాయన చెప్పు తీసి వాసన చూపించాడు. ఇంకొకాయన నాలుక తెగుతుందని పళ్లమధ్య చెంచా దూర్చబోయాడు. ఒకటిన్నర నిమిషంలో ఆ మనిషి చల్లబడ్డాడు. "చూశారా!" అన్నాడు గుత్తి సొంతదారు, నావంక తిరిగి. ఏమని చెప్పను? ఈ రోగంలో వచ్చే పోటు సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. గుత్తి ఇచ్చినా ఆగుతుంది, ఇవ్వకపోయినా ఆగుతుంది. ఇచ్చినప్పుడు ఆగింది గనుక కీర్తి ఇనుముకు దక్కింది. చేయవలసినవి రెండు మూడే. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తొలగించి, తలకింద మెత్తనిదేదైనా పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు. గడియారం చూస్తూ, అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. మన ఊళ్లో గాంధీ ఆసుపత్రి ఒకప్పుడు స్టేషనుకు అడుగుదూరంలో ఉండేది. 2003లో అది ముషీరాబాదులో పాత జైలు ఉన్న చోటికి తరలిపోయింది.

ఇక మందు సంగతి. ఈ రోగానికి నిజంగా పనిచేసిన మొదటి మందు బ్రోమైడు అనే లవణం. 1857లో లండనులో, విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన సర్ చార్లెస్ లోకాక్ అనే వైద్యుడు దాని ప్రభావాన్ని మొదట ప్రకటించాడు. బ్రోమైడు పోట్లను తగ్గించింది, దానితోపాటు మనిషినీ తగ్గించింది. మత్తు, మతిమరుపు, ఒంటినిండా పొక్కులు. అయినా యాభై ఏళ్లకు పైగా మరో గతి లేకపోయింది.

రెండవ మందు 1912లో వచ్చింది. జర్మనీలో ఫ్రైబుర్గ్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే చిన్న డాక్టరు ఉండేవాడు. అప్పుడే బజారుకు వచ్చిన ఫీనోబార్బిటాల్ అనే నిద్రమందును మూర్ఛరోగులకు ఇస్తే, వారికి పోట్లు తగ్గినట్లు ఆయన గమనించాడు. వార్డులోని రోగుల పోట్లవల్ల తనకు నిద్ర లేకనే ఆ మందు ఇచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ నిజమైనా కాకపోయినా గమనించినవాడు గమనించాడు. లూమినాల్ అనే పేరుతోనూ, మన దేశంలో గార్డినాల్ అనే పేరుతోనూ అది ఇంటింటికీ చేరింది. ఇప్పటికీ ప్రపంచంలో అతి చవకైన మూర్ఛమందులలో అది ఒకటి. లక్షలమందికి నిద్ర పెట్టిన ఆ హౌప్ట్‌మన్‌కు నిద్ర లేకుండా చేశారు నాజీలు. ఆయన యూదుడు. 1935లో హాలె విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఊడింది. 1938లో డాఖౌ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఎట్లాగో బయటపడి 1939లో అమెరికా చేరి, 1948లో బోస్టన్ నగరంలో కన్నుమూశాడు.

ఆ బోస్టన్ నగరంలోనే మూడవ మందు కథ నడిచింది. మన వ్యాసానికి నాయకస్థానం దానిదే. ఫినిటోయిన్ దాని పేరు. ఎప్టాయిన్ అంటే మన ఊరి మందుల దుకాణాలలో కుర్రవానికి కూడా తెలుస్తుంది. దీనిని 1908లోనే హైన్రిఖ్ బిల్ట్స్ అనే జర్మన్ రసాయనవేత్త తయారుచేశాడు. నిద్ర పట్టించే గుణం లేదు గనుక పనికిరాదని అది అలమరలో పడి ఉన్నది. అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకమేమిటంటే, మూర్ఛను ఆపాలంటే మెదడును మత్తులో ముంచక తప్పదని. ట్రేసీ పుట్నమ్, హూస్టన్ మెరిట్ అనే ఇద్దరు వైద్యులు బోస్టన్ సిటీ ఆసుపత్రిలో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. పిల్లుల మెదడుకు కొద్దికొద్దిగా విద్యుత్తు పంపి, ఎంతవరకు పంపితే ఈడ్పు వస్తుందో కొలిచి, ఆ కొలతను ఏ మందు ఎక్కువగా పెంచుతుందో చూడసాగారు. పార్క్ డేవిస్ కంపెనీవారు తమ అలమరలలోని పదార్థాలను పంపారు. నిద్ర పట్టించదని తోసేసిన ఆ పదార్థమే అన్నిటికంటె బాగా పనిచేసింది. పిల్లి తూగలేదు, ఈడ్పు మాత్రం రాలేదు. 1938లో రోగుల మీద ఫలితాలు ప్రకటించారు. మూర్ఛకు నిద్ర వేరు, నెమ్మది వేరు అని లోకానికి తెలిసింది. మోహం వేరు, అపస్మారం వేరు అన్న భరతుడు వింటే సంతోషించి ఉండేవాడు.

ఇది పనిచేసే తీరు చెప్పాలంటే మళ్లీ మన స్టేషనుకే పోవలసి ఉంటుంది. మెదడులో ఒక్కొక్క కణానికీ సోడియం పరమాణువులు లోపలికి పోయే వాకిళ్లు ఉంటాయి. వాకిలి తెరుచుకున్నప్పుడల్లా ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది, వెంటనే వాకిలి మూసుకొని కొంచెంసేపు విశ్రమిస్తుంది. మామూలు రోజున టిక్కెట్టు చూసి ఒక్కొక్కరినే వదిలే గేటులాగా పని నడుస్తుంది. మూర్ఛ వచ్చినప్పుడు పండుగ రద్దీలాగా తోపులాట మొదలై, గేటు మూసీ మూయకముందే మళ్లీ తెరుచుకుంటుంది. ఫినిటోయిన్ మూసిన గేటును మరికొంతసేపు మూసి పట్టుకుంటుంది. విశేషమేమంటే, పదేపదే తెరుచుకునే గేటునే అది ఎక్కువగా పట్టుకుంటుంది. నిదానంగా నడిచేవారికి అడ్డం రాదు. అందుకే రోగి మెలకువగానే ఉంటాడు, చదువుకుంటాడు, లెక్కలు చేస్తాడు.

ఇంత మంచిదానికీ ఒక మొండితనం ఉన్నది. సామాన్యంగా మందు రెట్టింపు వేస్తే ఒంట్లో రెట్టింపు చేరుతుంది. దీని లెక్క అట్లా నడవదు. దీనిని విరగ్గొట్టే పని కాలేయానిది. ఆ పనివాళ్ల చేతులు నిండేవరకు అంతా సవ్యమే. నిండిన తరువాత ఒక్క చిన్న మాత్ర అదనంగా వేసినా రక్తంలో మట్టం గబుక్కున లేచిపోతుంది. అప్పుడు కళ్లు అదురుతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. తాగివచ్చాడని వీధిలో నవ్వుతారు. పాపం, జీవితంలో చుక్క ముట్టని మనిషి! ఏళ్ల తరబడి వాడితే చిగుళ్లు వాచి పళ్లమీదికి పెరగవచ్చు, ఆడపిల్లలకు ముఖం మీద నూగు రావచ్చు. రోజూ పళ్లు శుభ్రంగా తోముకుంటే చిగుళ్ల బాధ కొంత తగ్గుతుంది. అన్నిటికంటె పెద్ద ప్రమాదం మాత్రం మందు మానడంలో ఉన్నది. డాక్టరు చెప్పకుండా హఠాత్తుగా మానేస్తే, అణిగి ఉన్నవి ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణంమీదికి తెస్తాయి.

ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవలసిన సందర్భం ఒకటి తగులుతున్నది. 1895లో పుట్టి, అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి పోగొట్టుకొని, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరి హార్వర్డులో పనిచేసిన మనిషి ఆయన. మెరిట్, పుట్నమ్ పిల్లులతో కుస్తీ పడుతున్న కాలంలో ఆయన అదే నగరంలో, అదే విశ్వవిద్యాలయపు నీడలో ఉన్నాడు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లాడు. ఆయన నాయకత్వంలోనే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సోదరులను మింగిన రోగానికి అది మందు. ఫినిటోయిన్‌కూ దీనికీ ఏమిటి పొత్తు? ఏళ్ల తరబడి ఫినిటోయిన్ వాడేవారి ఒంట్లో ఈ ఫోలిక్ ఆమ్లమే తరిగిపోతుందని, కొందరికి దానివల్ల రక్తహీనత వస్తుందని 1950ల నుంచి వైద్యులు గమనించారు. ఒకరు కనిపెట్టిన మందు తీసిన గోతిని ఇంకొకరు కనిపెట్టిన మందు పూడుస్తున్నది. పూడ్చడంలోనూ కొలత ఉండాలి. ఫోలిక్ ఆమ్లం మరీ ఎక్కువైతే రక్తంలో ఫినిటోయిన్ మట్టం పడిపోయి పోట్లు మళ్లీ రావచ్చు. మూర్ఛమందు వాడే స్త్రీ బిడ్డను కోరుకున్నప్పుడు, గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇవ్వడం ఇప్పుడు వైద్యుల ఆచారం. ఫోలిక్ ఆమ్లంవల్ల బిడ్డ వెన్నెముకలో వచ్చే లోపాలు తగ్గుతాయని సామాన్య స్త్రీల విషయంలో రుజువయింది గనుక ఈ జాగ్రత్త. సుబ్బారావుగారు కన్నుమూసింది కూడా 1948లోనే, హౌప్ట్‌మన్ పోయిన ఏడే.

నా శిష్యురాలు ఒకతె ఉండేది. ఎక్కడ చదివిందో, ఎవరి బిడ్డో చెప్పను. పద్యం రాగయుక్తంగా చదివేది. పదునాలుగో ఏట మొదలైన మూర్ఛ ఎప్టాయిన్‌తో మూడేళ్లుగా తల ఎత్తలేదు. పెళ్లి కుదిరింది. తండ్రి నాదగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "సారూ, మందు సంగతి వాళ్లకు చెప్పలే. మీరు కూడ అనకుండ్రి" అన్నాడు. చెప్పడమే మేలని నేను అన్నాను. ఆయన తల ఊపి వెళ్లాడు, చెప్పలేదు. ఆ పిల్ల మాత్రలను ఒక పాత కుంకుమ బరిణెలో పోసుకొని అత్తవారింటికి వెళ్లింది. రాత్రి అందరూ పడుకున్న తరువాత చీకట్లో వేసుకునేదట. ఒకనాడు చుట్టాలతో యాత్రకు పోయి, పదిమంది మధ్య బరిణె తీసే వీలులేక నాలుగు రోజులు మానింది. అయిదవనాడు గుడి మెట్లమీద పడింది. తల చిట్లింది. అబద్ధమాడి గొంతు కోశారని వియ్యాలవారు, పిల్లను ఎర్రగడ్డకు పంపండని మరొకరు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ ఈ రోగానికీ ముడిపెట్టడం మన నగరంలో ఎంతో పాత అలవాటు. మూర్ఛ పిచ్చి కాదు. ఈ మాట మన శాసనకర్తలకే చాలాకాలం పట్టలేదు.

ఈ మాట ఊరికే అనలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, పదేపదే ఉన్మాదంగాని, మూర్ఛగాని వచ్చేవారు వివాహానికి అర్హులు కారని రాసింది. రెండు మాటలనూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోబెట్టింది. దాచి చేసిన పెళ్లి కోర్టుకెక్కితే, ఆ ఒక్క మాట పట్టుకొని పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. కుంకుమ బరిణె వెనుక ఉన్న భయం ఒట్టి లోకనిందకు భయం కాదు, చట్టానికి భయం కూడా. వైద్యులు, రోగుల సంఘాలు ఏళ్లపాటు మొత్తుకున్న మీదట 1999లో పార్లమెంటు ఆ వాక్యంలోంచి మూర్ఛను తీసివేసింది. మా పిల్ల పెళ్లి ఆ తరువాతదే. చట్టం మారిన కబురు ఆ తండ్రికి అందలేదు. పెళ్లిళ్ల పేరయ్యలకు ఈనాటికీ అందలేదని నా అనుమానం. ఆ భర్త మాత్రం మంచివాడు. వాళ్లనూ వీళ్లనూ పక్కకు పెట్టి భార్యను తానే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

మూర్ఛ ఒక్క రోగం కాదని కూడా చెప్పాలి. అనేక కారణాలకు అది ఒక్క ముఖం. పురిట్లో ఊపిరాడకపోవడం, తలకు దెబ్బ, మెదడుకు ఎక్కిన జ్వరం, ఇట్లా ఎన్నో దారులు. 1897లో మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ మలేరియా మెదడుకు ఎక్కి, బతికి బయటపడిన పిల్లలలో కొందరికి మూర్ఛను వదిలిపోతుంది. శుభ్రంగా కడగని ఆకుకూరలతో కడుపులోకి పోయిన బద్దెపురుగు గుడ్లు మెదడు చేరి గూడు కట్టడం మన దేశంలో మరో ముఖ్య కారణం. దక్షిణాదిలో ఇంకొక విచిత్రమున్నది. తలంటు పోసుకునేటప్పుడు వేడి నీళ్లు చెంబు వెంట చెంబు మాడున గుమ్మరించగా గుమ్మరించగా కొందరికి స్నానాల గదిలోనే మూర్ఛ వస్తుంది. 1968లో బెంగుళూరు వైద్యుడు కె. ఎస్. మణి, ఆయన సహచరులు దీనిని వివరించారు. గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే చాలామందికి సరిపోతుంది. చాలనివారికి స్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు క్లోబజామ్ మాత్ర ఒకటి ఇస్తారు. పండుగనాడు పిల్లలకు తలంటే తల్లులు ఈ సంగతి తెలుసుకొని ఉండటం అవసరం.

ఫినిటోయిన్ తరువాత కార్బమజిపీన్, వాల్‌ప్రోయేట్, లెవిటిరాసిటమ్ మొదలయినవి వరుసగా వచ్చాయి. వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు చాలా చెరుపు చేస్తుంది గనుక పిల్లలు కనే వయసు స్త్రీలకు దానిని సాధ్యమైనంతవరకు ఇవ్వరు. ఇటువంటి మందులు చేయడంలో మన జంటనగరాల పరిసరాలు పేరు పొందడానికి, సోవియట్ సహకారంతో బాలానగరులో వెలసిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం బీజం వేసింది. అక్కడ పని నేర్చిన కె. అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐ.డి.పి.ఎల్. తరువాత మూతపడింది. ప్రపంచంలో సుమారు 5 కోట్లమందికి ఈ రోగం ఉన్నదని, సరైన మందు సరిగ్గా అందితే వారిలో నూటికి 70 మంది దాకా పోట్లు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

అందరికీ కొత్త మందులే కావాలని లేదు. ఫినిటోయిన్‌తో నెమ్మదిగా ఉన్నవారు దానితోనే ఉండవచ్చు. వారు దుకాణం దగ్గర ఒక్క విషయం చూసుకోవాలి. మోండా మార్కెట్టు సందుల్లోనైనా, మారేడుపల్లిలోనైనా, అడిగిన పేరు లేకపోతే "అదే మందు, కంపెనీ వేరు" అని వేరే పట్టీ చేతిలో పెడతారు. జ్వరం మాత్ర అయితే అడ్డులేదు. కాలేయపు లెక్క ఇంత ఇరుకైన ఈ మందు విషయంలో, కంపెనీ మారినప్పుడు రక్తంలో మట్టం కొద్దిగా అటూ ఇటూ అయినా, ఒకరికి తూలు వస్తుంది, ఒకరికి ఆగిన పోటు తిరిగి వస్తుంది. మందు చీటీ మీద ఉన్న పేరే అడిగి తీసుకోవాలి. మార్చక తప్పకపోతే డాక్టరుతో చెప్పి మార్చాలి. పట్టీలో చివరి వరుస మిగిలి ఉండగానే కొత్తది తెచ్చుకోవాలి.